కొంప కొల్లేరు

మన యిండ్లలో దినమునకు నాలుగు సారులైనను వినబడు మాటలలో "కొంప మునిగినది" యనునది యొకటి. పాలు పొంగి పొయ్యిపాలైనను కొంప మునుగును. రైలు దాటిపోయినను మునుగును. పెండ్లిచూపులకు వచ్చి వెళ్లినవారు పది దినములైనను కబురు చేయకున్నచో అప్పుడును మునుగును. దీనికి తోబుట్టువులు మఱికొన్ని గలవు. "కొంప కొల్లేరయినది," "పుట్టి మునిగినది," "నట్టేట ముంచినాడు," "ఏటిపాలైనది," "గంగలో కలిసినది." తొందరపడి వచ్చువానిని జూచి "కొంపలంటుకొన్నవా యేమి?" యని యడుగుట యింకొకటి. పిడుగును, పామును మనవారు బొత్తిగా మఱచిరని కాదు గాని, కీడులలో కడపటి కీడును జెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువాని నాలుక తఱచుగా నీటివైపునకే పోవుచున్నది. ఈ మాటలెచ్చటినుండి వచ్చినవో, నేడు మన గృహములలో వీనితో నేమి పని జరుగుచున్నదో కొంచెము విచారింప దలచితిమి.

మొదట కొంప యను మాట. అది చిన్న యింటికి పేరు. మంటిగోడలు, తాటాకు కప్పో గడ్డికప్పో గల యిల్లు. మేడ మునిగినదని యెవ్వరు ననరు. రెండంతస్తుల మేడగలవాడును వ్యాపారమున దెబ్బతిన్ననాడు "నా కొంప మునిగినది" యనియే మొఱపెట్టుకొనును. కీడు మూడినప్పుడు మనమందఱము తాతముత్తాతల మంటియింటికే పోయి చేరుదుము కాబోలు. ఆ మంటియింటికి నీరే యముడు. వానకు పైకప్పు కాఱినను బాగుచేసికొనవచ్చును. నీరు వచ్చి గోడ మొదట రెండు మూడు దినములు నిలిచెనా, అడుగుమన్ను నాని గోడయంతయు కూలును. గాదెలోని గింజ మొలకెత్తి కుళ్లును. కావున "మునుగుట" యనునది తడిసి మరల నారుట కాదు, తిరిగి లేవని పాటు. నిప్పు సంగతి వేఱు. వేసవిలో పడమటి గాలి వీచునపుడు ఒక తాటాకు కప్పు అంటుకొన్నచో వాడయంతయు వరుసగా నంటుకొనును. అందుచేతనే కాబోలు నిప్పు మాట బహువచనముననే వాడుకలో నున్నది, "కొంపలంటుకొన్నవి" యందుము. మునుగుట మాత్రము తఱచు ఏకవచనమే, ఎవరి కొంప వారిది. నిప్పునకు ఊరంతయు బిందెలతో పరుగెత్తును. అప్పునకును అపనిందకును ఎవరు పరుగెత్తుదురు?

ఇక కొల్లేరు. ఈ మాటను కృష్ణా గోదావరీ మండలముల వారు మాత్రమే కాక, ఆ సరస్సును కన్నులార జూడనివారు గూడ వాడుచుందురు. కొల్లేరు కృష్ణాడెల్టాకును గోదావరిడెల్టాకును నడుమ పల్లమున నున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, రెండు డెల్టాలలోని మురుగుకాలువలు ననేకములును దానిలో బడును. ఇన్ని వచ్చుటకు దారులుండగా పోవుటకు దారి యొక్కటియే, అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతములో గలియును. సముద్రము పోటుమీద నున్నప్పుడు ఆ దారియు మందగించును. వేసవిలో కొల్లేరు మిక్కిలి సన్నగిల్లి, కొన్ని యేండ్లలో ఎండినదా యనునట్లుండును. అదే సరస్సు శ్రావణ భాద్రపదములలో గట్టును చేనును ఒకటిగా జేసి లంకగ్రామముల వాకిళ్లకు వచ్చును. అప్పుడు అచ్చటి వారికి రాకపోకలకు తాటిదోనెలే గతి.

కొంప కొల్లేరగుట యనగా నిదియే. ఇంటిలోనికి నీరు వచ్చుట మాత్రమే కాదు. గడప యెక్కడ, పొయ్యి యెక్కడ, పెరడెక్కడ యను గుఱుతే చెడిపోవుట. వచ్చు నీటికి దారులు పది, పోవుదారి యొకటి యగుట. కుటుంబము చెడుటలో నీ లక్షణమంతయు నున్నది. ఇంటి పెద్ద మంచమెక్కును, పంట పోవును, ఆ యేడే కూతు పెండ్లి వచ్చును, తమ్ముడు వాటా యడుగును. బయటపడు దారి మాత్రము షావుకారి గుమ్మము మీదుగానే యుండును. ఈ కొల్లేరును కొల్లయను మాటనుండి తీసి, దోపుడు పడిన యిల్లని యర్థము చెప్పబూనువారుండవచ్చును. మా కది రుచింపదు. "నట్టేట," "ఏటిపాలు," "పుట్టి" యని చుట్టునున్న మాటలన్నియు నీటివై యుండగా దీని నొక్కదానిని గట్టున నిలుపుట యెందులకు?

ఉప్పుటేటినిగూర్చి ఒక జనశ్రుతి గలదు. పూర్వము కొల్లేటికోటలో లాంగూల గజపతి కోటయుండెననియు, శత్రుసేనాని యొడ్డున దిగి, సరస్సులోని నీటిని సముద్రమునకు దింపినగాని కోట చిక్కదని యెంచి కాలువ త్రవ్వించెననియు, జయము గోరి ఒక దళపతి తన కన్నకూతును బలియిచ్చెననియు చెప్పుదురు. అందుచేత ఆ కాలువకు పేరంటాల కనుమ యని పేరు గలిగినదట. ఇది జరిగినదని చరిత్రకారులు ఒప్పుకొనవలసిన పని లేదు. అయినను ఈ కథను చెప్పుకొన్నవారి మనస్సెట్టిదో చూడుడు. నీరు అడ్డుపడినది; యుద్ధము పురుషులది; కోట గజపతిది; కాలువ సేనానిది. బలియైనది మాత్రము వీనిలో దేనితోను సంబంధము లేని బాలిక. చచ్చిన తరువాత ఆమెకు దక్కినది పేరంటాలను గౌరవము. ఈ కథను మనస్సున నుంచుకొనుడని పాఠకసోదరీమణులను వేడుచున్నాము. ముందు దీనితో పని గలదు.

పుట్టి యను మాట కొల్లేటి వారిది కాదు. ఎగువదేశపు వారిది. డెల్టాలో పడవలును నావలును దోనెలును ఉండగా, తుంగభద్రమీదను ఎగువ కృష్ణమీదను రాళ్లనడుమ వడిగల నీటిని దాటుటకు వెదురుతో గంపవలె నల్లి తోలు కప్పిన గుండ్రని పుట్టియే సాధనము. విజయనగరమునకు 1520 ప్రాంతమున వచ్చిన దోమింగో పాయిస్ అను పోర్చుగీసువాడు ఆనెగొంది రేవున వీనిని జూచి, పదునైదు ఇరువదిమంది నెక్కించుకొనుననియు, గుఱ్ఱములను ఎడ్లనుగూడ దాటింపగలవనియు, తిన్నగా పోలేక ఎల్లప్పుడు గిఱ్ఱున తిరుగుచుండుననియు వ్రాసినాడు. 1803లో మహారాష్ట్రులపై దండెత్తిన ఆర్థర్ వెల్లస్లీ తన సేనలు నదులు దాటుటకై ఇట్టి పుట్టులనే సిద్ధము చేయించెను. నీటిలో మెత్తగా వంగుచు రాతికి తగిలినను పగులని వస్తువది. అయితే ఎక్కినవారందఱు ఒక ప్రక్కకు జరిగిరా, ఇక చెప్పవలసిన పని లేదు. ఒక కుటుంబమో ఒక సంత జనమో ఒక్క పెట్టున పోవుదురు. "పుట్టి మునిగినది" యన్నప్పుడు ఒక్కనికి గాక పదిమందికి కలిగిన చేటు స్ఫురించుటకు కారణ మిదియే యని మా యూహ. ధాన్యపు కొలతలో ఇరువది తూములకును పుట్టియనియే పేరు గలదు గాని, ధాన్యపుపుట్టి మునుగవలసినను ముందుగా పుట్టియో పడవయో ఎక్కవలసినదే కదా!

ఇక్కడ నొక వింత. తెలుగుదేశమున నీటికంటె ఎక్కువమందిని చంపినది నీరు లేకపోవుట. 1832-33లో నందననామ సంవత్సరపు కరువున గుంటూరు మండలమున ఐదు లక్షల జనములో రెండు లక్షలమంది మడిసిరని లెక్కలు చెప్పుచున్నవి. 1876 మొదలు 1878 వఱకు ధాత సంవత్సరముతో మొదలైన కరువు దత్తమండలములను పాడుచేసెను. గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగియుటకును, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట సిద్ధమగుటకును నందన కరువు భయము ప్రధాన కారణములలో నొకటి. ఇంతటి కరువు మన సామెతలలో కీడునకు గుఱుతు గాక పోయినదేల? "నా యిల్లు నందనమైనది" యని ఎవ్వరు నేడ్వలేదు. కరువుమాటలు మనకు లేక కాదు. అవి వేఱొక దారి పట్టినవి. తిండికి ఆశపడువానిని "కరువులో పుట్టినవాడు" అందుము. ఆత్రముగా తినువానిది "కరువు మొగ" మందుము. వఱదమాట జాలిమాటయైనది, కరువుమాట తిట్టైనది.

దీనికి మాకు తోచిన కారణము చెప్పెదము. కొంప మునుగవలెనన్న ముందుగా కొంప యుండవలయును. పుట్టి మునుగవలెనన్న పుట్టినిండ సరకుండవలయును. ఇవి కొంచెమో గొప్పయో కలిగినవారు తమ కలిమి పోవునని భయపడి కల్పించుకొన్న మాటలు. కరువున ముందు చచ్చినవారు కూలినాలి జనము. వారి మాటలను గ్రంథస్థము చేసినవారు లేరు. వారి యాకలిని మాత్రము ఇతరులు వెక్కిరింతగా మార్చుకొనిరి. ఇది పండితులు త్రోసివేయదగిన యూహయైనను కావచ్చును. కాని ఇంటిలో పనిచేయు మనుష్యుని "కరువుమొగము" అని పిలిచెడి గృహిణి ఆ మాట యెవరి శవముల మీదుగా వచ్చినదో ఒక్కమా రాలోచింపకుండుట తగదు.

ఉప్పెన సంగతియు నిట్టిదే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముమీదికి సముద్రము వచ్చి ఆ పరిసరములలో సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొనిపోయెను. చచ్చినవారు పదివేలకు తక్కువ లేరు. అయినను ఉప్పెన యను మాట ఇంటి యలవాటు మాటలలో చేటునకు గుఱుతు కాలేదు. పైగా సభకు జనము ఉప్పెనవలె వచ్చిరని సంతోషముతో వ్రాయుదుము. కొంప మునిగినదని రోజునకు నాలుగుసారులనువారును ఉప్పెన మాటతో పరాచికమాడరు.

ఇంతవఱకు మాటల పుట్టుక. ఇక వాని నడత. "మునుగు" అనునది అకర్మకక్రియ. నీరు వచ్చినది, కొంప మునిగినది. ఎవరు చేసిరను ప్రశ్న అందులో లేదు. అదే "ముంచు" అయినప్పుడు కర్త కావలయును. ఈ చిన్న మార్పులో మన సంఘచరిత్ర చాల దాగియున్నది. "కొంప మునిగినది" యని యూరకొనుటకు మనస్సొప్పదు, ఎవరో ముంచియుండవలెను. ఆ యెవరోను వెదకబోయినప్పుడు దొరకువారెవరు? క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు. ఆమె యడుగుపెట్టిన నెలలో ఎద్దు చచ్చెను, మామకు జ్వరము వచ్చెను, వ్యాజ్యము పోయెను. "కొంప కొల్లేరు చేయ వచ్చినది" యను బిరుదు ఆమెకు దొరకును. ఎద్దు దొమ్మరోగముతో చచ్చినదనియు, వ్యాజ్యము దస్తావేజు లేక పోయినదనియు అందఱెఱుగుదురు. ఎఱిగియు నందురు. పేరంటాల కనుమలోని తర్కమే ఇది; ఏటికి అడ్డు తొలగవలెనన్న ఒక యాడుపిల్ల కావలెను.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ పెండ్లికి పోయినవారిని వెలివేసిరి. కులము చెడినది, ధర్మము చెడినది, లోకము మునిగినదని యొకటే గోల. ఆ మఱునాడును గోదావరి గట్లనడుమనే పాఱినది. మునిగినవారెవరైన నున్నచో వారు అంతకుముందు ఎన్నియో తరములుగా, ఏ వఱదయు రాకయే, వంటయిండ్లలో తల గొఱిగించుకొని కూర్చుండిన బాలవితంతువులు. వారికొఱకు "కొంప మునిగినది" యని యేడ్చినవారు తండ్రులలో కొందఱుండిరి, తల్లులలో ననేకులుండిరి. కాని శాస్త్రము చెప్పువారిలో మిక్కిలి యరుదు. ఈడు వచ్చిన పిల్ల పెండ్లికాక యింటనుండుట మహాపాతకమని భయపడినవారు 1929 నాటి శారదా చట్టము పేరు వినగానే ఆ మాటనే మరల నందుకొనిరి. ఆ చట్టమున బాలికకు నిర్ణయించిన వయస్సు పదునాలుగేండ్లు మాత్రమే! నేడు పదునెనిమిది. కొంపలు నిలిచియే యున్నవి.

నిజముగా కొంపలను ముంచినది పెండ్లి కాకపోవుట కాదు, పెండ్లి ఖర్చు. గురజాడవారి కన్యాశుల్కము 1897లో అచ్చుపడునాటికి తండ్రి కూతు నమ్ముకొనుటను గూర్చి మాటలాడవలసివచ్చినది. 1921 నాటి వరవిక్రయమున కాళ్లకూరి నారాయణరావుగారు వరుని వెలను గూర్చి వ్రాయవలసివచ్చినది. పాతికేండ్లలో సొమ్ము ప్రవహించు దిక్కు మాఱినది. ఏరు మాత్రము ఎండలేదు. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినను ఎండలేదు. పొలము తాకట్టు, నోటు, వడ్డీమీద వడ్డీ, కడపట వేలము. ఇంత జరిగిన పిదప "కూతుళ్లు పుట్టి వాని కొంప ముంచిరి" యని యూరివారనుట వినుచున్నాము. పుచ్చుకొన్న వియ్యంకుడు ఆ వాక్యములో నెక్కడను గానరాడు. వ్యాకరణము కర్తను కోరినప్పుడు మనము కర్మనే తెచ్చి కర్తస్థానమున గూర్చుండబెట్టుచున్నాము.

నేటి వాడుకలో ఈ మాటలు మఱియొక వింతపోకడ పోవుచున్నవి. కీడు కలిగినదని చెప్పుటకంటె కలుగలేదని చెప్పుటకే వీనిని ఎక్కువగా వాడుచున్నారు. "ఇప్పుడేమి కొంప మునిగినదని?" "ఏమంత పుట్టి మునిగిపోయినది?" "కొంపలేమియు నంటుకొనలేదు, కూర్చుండుము." ఇందులో మేలును గలదు. పరీక్ష తప్పిన పిల్లవానికి తాతగారు ఈ మాట చెప్పి వీపు తట్టినచో ఎంత ధైర్యము! భాషలో నింతకంటె పెద్ద యోదార్పు లేదు. చెప్పదగినవాడు చెప్పదగిన వేళ చెప్పినచో ఒక ప్రాణమునైనను నిలుపగల మాట యిది.

అయితే ఇదే ప్రశ్న వేఱొకచోట వేఱొక పని చేయును. అత్తవారింట దెబ్బలుతిని పుట్టినింటికి వచ్చిన కూతు, వాకిట నిలిచి వీపు చూపినప్పుడు, పెద్దలు "ఇప్పుడేమి కొంప మునిగినదే అమ్మా, సర్దుకొని పొమ్మా" యందురు. అన్నము వడ్డింతురు, చీర పెట్టుదురు, మఱునాడు బండి యెక్కింతురు. పాలు పొంగినందుకు మునిగిన కొంప, పిల్ల వీపు పొంగినందుకు మునుగలేదు! ఏది కీడు, ఏది కాదు అను నిర్ణయమునకు మన యిండ్లలో నెవరు కర్తలో ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన తెలియగలదు. ఆ కూతును పంపిన తల్లికి సంగతి తెలియక కాదు. ఆమెకును ఒకప్పుడు ఎవరో ఇట్లే చెప్పియుందురు. తోబుట్టువులు చెడి ఇంటికి వచ్చినప్పుడు అన్నదమ్ములు ముందుగా లెక్కించునది వాటా. తండ్రి ముందుగా లెక్కించునది పరువు. మునిగినది కొంపయో మనిషియో చూచు తీరిక ఎవరికిని లేదు.

కొల్లేటి సంగతి ముగింపవలసియున్నది. ఆ సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో జేర్చిరి. అంతకు ముందే దాని గర్భమున చేపల చెఱువులకై గట్లు లేచినవి. 2006లో ప్రభుత్వమువారు పెక్కింటిని పగులగొట్టించిరి గాని ఆక్రమణల తగవు అంతటితో తీఱలేదు. నీరు నిలువవలసినచోట గట్లు నిలిచినవి. ఎగువను బుడమేటి దారిలో ఇండ్లు నిలిచినవి. 2024 ఆగస్టు కడపట, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు బుడమేటి గట్లు తెగి విజయవాడ యుత్తరభాగమున సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగినవి. మంటిగోడలు కావు గనుక ఇండ్లు కూలలేదు. జనులు మిద్దెలమీదికెక్కి, పాలకును మంచినీటికిని పడవల కెదురుచూచుచు దినములు గడపిరి. క్రింది గదులలో పిల్లల పుస్తకములు, కుట్టుమిషనులు, రేషను బియ్యము, వాయిదాల మీద కొన్న సామగ్రి బురదలో గలిసినవి. ఆ నీరు మామూలుగా పోయి చేరవలసినచోటు కొల్లేరే.